కాల్చని పిస్టల్‌కి ఎంత ఇవ్వొచ్చు? కోల్ట్ 1911 స్మారక ఎడిషన్ల లెక్క

అమెరికాలో ఏ పెద్ద గన్ షోకి వెళ్లినా పాత పిస్టళ్ల బల్లల దగ్గర ఒక విచిత్రం కనిపిస్తుంది. ఒక బల్ల మీద అద్దం మూత ఉన్న చెక్కపెట్టె, లోపల మఖమల్ గుడ్డ, దాని మీద నీలినలుపు రంగులో నిగనిగలాడే కోల్ట్ 1911. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే ఉక్కు భాగం) మీద బంగారు రంగు అక్షరాల్లో ఏదో యుద్ధం పేరు, పక్కన ప్రత్యేకమైన నంబరు. ఒంటి మీద ఒక్క గీత లేదు. పక్క బల్ల మీద అదే మోడల్ ఇంకొకటి ఉంటుంది. రంగు వెలిసిపోయి, అంచుల దగ్గర లోహం తెల్లగా బయటపడి, గ్రిప్పు చెక్క అరిగిపోయి ఉంటుంది. ధర చీటీలు చూస్తే చాలాసార్లు ఆ అరిగినదానికే ఎక్కువ రేటు.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. అరిగినదాన్ని ఎవరో సైనికుడు నిజంగా నడుముకి కట్టుకుని తిరిగాడు. మెరిసేదాన్ని ఆ సైనికుడి తరానికి గుర్తుగా యాభై ఏళ్ల తర్వాత తయారు చేశారు. రెండూ ఒకే కంపెనీవి కావచ్చు, లోపలి యంత్రం కూడా దాదాపు ఒకటే కావచ్చు. కానీ యుద్ధంలో ఉన్నది మొదటిది మాత్రమే. స్మారక ఎడిషన్ మీద మనసు పడ్డవాళ్లు ముందు ఈ తేడాని మింగుడు పడేదాకా నమలాలి. మిగతా చిక్కులన్నీ, అంటే ధర, కాల్చాలా వద్దా అన్న సందేహం, పెట్టె గొడవ, ఇక్కడి నుంచే మొదలవుతాయి.

ఈ పిస్టల్‌కి ఇంత గౌరవం ఎందుకో కొంచెం చెప్పుకోవాలి. దీన్ని రూపొందించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1855లో యూటాలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రిది తుపాకులు బాగుచేసే పని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికన్ సైన్యం ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో తలపడుతోంది. చేతిలో ఉన్న .38 (అంగుళాల్లో తూటా వ్యాసం, సుమారుగా) రివాల్వర్ తూటా తగిలినా ఎదుటివాడు ఆగకుండా మీదికి వస్తున్నాడని అక్కడి నుంచి ఫిర్యాదులు వచ్చాయి. 1904లో జరిగిన థాంప్సన్-లాగార్డ్ పరీక్షల తర్వాత, సైన్యం పిస్టల్ .45 కన్నా తక్కువ ఉండకూడదన్నది ఖాయమైంది. 1911 మార్చిలో ఆఖరి పోటీ. సావేజ్ కంపెనీ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ 6,000 తూటాలు ఒక్కసారి కూడా ఆగకుండా పేల్చింది. మార్చి 29న సైన్యం దాన్ని స్వీకరించింది. 1985లో బెరెట్టా ఎం9 వచ్చేదాకా, అంటే 74 ఏళ్ల పాటు, అదే సైన్యం పిస్టల్. మొత్తం 27 లక్షల దాకా తయారయ్యాయని అంచనా. 1918 అక్టోబర్ 8న ఫ్రాన్స్‌లోని మ్యూజ్-ఆర్గాన్ పోరులో అమెరికన్ సైనికుడు ఆల్విన్ యార్క్ తన మీదికి బాయనెట్లతో దూకిన జర్మన్ సైనికులను ఎదుర్కొన్నది .45 పిస్టల్‌తోనే. 2011లో, వందేళ్లు నిండిన సందర్భంగా, యూటా దీన్ని తమ రాష్ట్ర అధికారిక తుపాకీగా ప్రకటించింది. అమెరికాలో ఒక రాష్ట్రం అలా చేయడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఒక పేరు చెబుతాను, అది మన టైలర్ షాపులన్నిటికీ తెలిసిన పేరే: సింగర్. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగకముందు ఆ కుట్టుమిషన్ల కంపెనీకి అమెరికన్ సైన్యం 500 పిస్టళ్ల ఆర్డర్ ఇచ్చింది. భారీగా తయారు చేయగలదా లేదా అని పరీక్షించడానికి ఇచ్చిన ఆర్డర్ అది. సింగర్ ఆ 500 చేసి ఇచ్చింది, తర్వాత వేరే యుద్ధ పనుల్లోకి మళ్లింది. పిస్టళ్ల పనిని టైప్‌రైటర్ల కంపెనీ రెమింగ్టన్ ర్యాండ్, రైల్వే సిగ్నళ్లు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, షాట్‌గన్‌లు చేసే ఇథాకా, వీటితో పాటు కోల్ట్ అందుకున్నాయి. ఆ 500 సింగర్ పిస్టళ్లు యుద్ధంలోకి వెళ్లాయి. కొన్ని పోయాయి, కొన్నిటికి మరమ్మతుల్లో భాగాలు మారిపోయాయి, కొన్నిటికి మళ్లీ రంగు వేశారు. అసలు రూపంలో మిగిలినవి కొద్దే. అలాంటిది ఇవాళ వేలంలోకి వస్తే ధర లక్ష డాలర్లు దాటిపోయిన సందర్భాలున్నాయి.

స్మారక ఎడిషన్ల గుట్టంతా ఈ 500లో ఉంది. సింగర్ పిస్టళ్లని అరుదైనవిగా చేయాలని ఎవరూ అనుకోలేదు, ఎవరూ బీరువాలో దాచలేదు. వాడారు, పోగొట్టారు, పాడుచేశారు. అందుకే అరుదయ్యాయి. స్మారక ఎడిషన్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. 'ఇన్ని మాత్రమే చేశాం' అని కంపెనీ ముందే చెబుతుంది, కొన్న ప్రతివాడూ అది రేపు విలువైనది అవుతుందని పెట్టెతో సహా దాస్తాడు. యాభై ఏళ్ల తర్వాత చూస్తే దాదాపు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎప్పుడు కావాలన్నా, ఓపిగ్గా వెతికితే, కొత్తదానిలాంటిదే ఒకటి దొరుకుతుంది. దొరికే వస్తువుకి ధర ఎలా పెరుగుతుంది?

మన వైపు దీనికి దగ్గరి పోలిక 2023లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. హైదరాబాద్ మింట్‌లో తయారైంది, సగం వెండి, ముఖవిలువ వంద, అమ్మకం ధర వేలల్లో. జనం క్యూ కట్టి కొన్నారు. అభిమానంతో కొన్నవాళ్లకి ఆ నాణెం ఆనందం ఇచ్చింది, ఇస్తూనే ఉంటుంది. అయితే ఒక్కటీ చలామణిలో అరిగిపోదు కాబట్టి అరుదు కావడానికి దానికి దారి లేదు.

కోల్ట్ కంపెనీ ఈ స్మారక బాట 1961లో పట్టింది, ఇలినాయ్‌లోని జెనెసియో అనే ఊరి 125 ఏళ్ల పండుగకి ఒక చిన్న పిస్టల్‌తో. అవి అమ్ముడుపోయేసరికి అరవైల్లో ఇదొక వెల్లువైంది. ప్రతి రాష్ట్రానికి, ప్రతి కోటకి, ప్రతి వార్షికోత్సవానికి ఒక ఎడిషన్. రైఫిళ్ల వైపు విన్‌చెస్టర్ 1966లో తన శతాబ్ది రైఫిల్‌ని లక్షకి పైగా చేసి అమ్మింది. లక్ష చేసిన వస్తువుని 'పరిమిత సంఖ్య' అనడం కొన్నవాళ్ల ఆశతో ఆడుకోవడమే అని నా అభిప్రాయం. 1911 విషయానికొస్తే సేకర్తలు ఎక్కువగా మాట్లాడుకునేది మొదటి ప్రపంచ యుద్ధం సిరీస్ గురించి. ఒక్కో పోరాటం పేరుతో ఒకటి: 1967లో షాటో-తియరీ, ఆ తర్వాత రెండేళ్లలో బెల్లో వుడ్, రెండో మార్న్ యుద్ధం, మ్యూజ్-ఆర్గాన్. సాధారణ రకం ఒక్కొక్కటి 7,400. వాటితో పాటు ఎక్కువ నగిషీ ఉన్న డీలక్స్ రకాలు కొద్ది సంఖ్యలో. 1970లో రెండో ప్రపంచ యుద్ధం పేరుతో యూరప్‌కి ఒకటి, పసిఫిక్‌కి ఒకటి వచ్చాయి. ఇవి ఇంకా పెద్ద సంఖ్యలో.

1967లో ఒకాయన 200 డాలర్లు పెట్టి షాటో-తియరీ పిస్టల్ కొన్నాడనుకుందాం. అప్పటి నుంచి అమెరికాలో ధరలు తొమ్మిది రెట్లకు పైగా పెరిగాయి. అంటే ఆ 200 ఇవాళ్టి లెక్కలో సుమారు 1,900 డాలర్లు. ఇప్పుడు ఆయన మనవడు దాన్ని 1,900కి అమ్మగలిగితే యాభై ఏళ్లకు పైగా జాగ్రత్తగా కాపాడినందుకు వచ్చిన లాభం సున్నా. భద్రపరిచిన శ్రమ, ఇన్సూరెన్స్, అమ్మకం కమిషన్ కలిపితే నష్టమే. కాబట్టి ఎవరైనా డీలర్ 'ఇది ఇన్వెస్ట్‌మెంట్ సార్' అని మొదలుపెడితే, ఆ ముక్క వినకుండా పిస్టల్‌ని మాత్రమే చూడడం మంచిది.

అలాగని ఇవి కొనదగ్గవి కావని నేను అనను. ముఖ్యంగా 1967-69 నాటి కోల్ట్‌ల గురించి ఒక మంచి మాట చెప్పాలి. కోల్ట్ 1970లో 'సిరీస్ 70' పేరుతో బ్యారెల్ చివర దాన్ని పట్టి ఉంచే బుషింగ్ అనే కడియం డిజైన్ మార్చింది, 1983లో 'సిరీస్ 80'తో తూటాని పేల్చే ఫైరింగ్ పిన్‌కి అదనపు సేఫ్టీ చేర్చింది. మొదటి ప్రపంచ యుద్ధం సిరీస్ ఈ మార్పులకి ముందుది, అంటే లోపలి నిర్మాణం బ్రౌనింగ్ డిజైన్‌కి చాలా దగ్గర. ఆ రోజుల్లో పాలిష్ పనిలో, ఉక్కుకి నీలినలుపు రంగు తెప్పించే బ్లూయింగ్ పనిలో కోల్ట్ కార్మికుల పనితనం కూడా గొప్పది. పైన రాసిన యుద్ధం పేరు పక్కన పెట్టినా ఒక మంచి పాతకాలపు కోల్ట్ చేతికొస్తుంది. చెక్కపెట్టె ముసుగు వల్ల చాలామంది ఈ సంగతి గమనించరు.

స్మారక ఎడిషన్ అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు రకాల సరుకు అమ్ముడవుతుందని కూడా తెలుసుకోవాలి. మొదటిది అసలు కంపెనీ తన ఫ్యాక్టరీలో, తన రికార్డుల్లో నమోదు చేసి చేసినది. రెండోది పంపిణీదారు ఆర్డర్ ఇచ్చి చేయించుకున్నది. తాలో, లూ హార్టన్ లాంటి సంస్థలు కంపెనీకి 'ఈ రంగు, ఈ గ్రిప్పు, ఇన్ని' అని చెప్పి చేయించుకుంటాయి. మూడోది వర్జీనియాలోని అమెరికా రిమెంబర్స్ లాంటి సంస్థలు మామూలు పిస్టల్ తీసుకుని, బంగారు పూత, బొమ్మలు వేయించి, కథ రాసిన ధ్రువపత్రంతో అమ్మేది. మూడో రకంలో పని అందంగానే ఉండొచ్చు. కానీ తిరిగి అమ్మేటప్పుడు సేకర్తలు మొదటి రకానికి ఇచ్చే విలువ దీనికి ఇవ్వరు, ఎందుకంటే ఆ అలంకారం తుపాకీ కంపెనీ చేసింది కాదు. వీటికి తోడు ఇప్పుడు ఆటో-ఆర్డ్‌నెన్స్ లాంటి కంపెనీలు రంగు పూతలతో, యుద్ధ దృశ్యాలతో 1911లని ఏటా తెస్తున్నాయి. అవి సరదాగా కొనుక్కుని కాల్చుకోవడానికి బాగుంటాయి. వాటిని పాత కోల్ట్‌తో ఒకే గాటన కట్టకూడదు.

అలంకారంలోనూ అంతే. అచ్చుతో ఒత్తిన బొమ్మ, లేజర్‌తో కాల్చిన బొమ్మ, యాసిడ్‌తో తినిపించిన బొమ్మ, చేత్తో ఉలి పట్టి చెక్కిన బొమ్మ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. భూతద్దం పెట్టి గీత అడుగుకి చూడాలి. చేత్తో చెక్కిన గీత లోతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, మలుపు దగ్గర ఉలి తిరిగిన చిన్న మెరుపు కనిపిస్తుంది. లేజర్ గీత అడుగు బూడిదరంగులో గరుకుగా, అంతటా ఒకే లోతులో ఉంటుంది. '24 క్యారెట్ల బంగారం' అని ఉంటే అది పూతా లేక చెక్కిన గాడిలో బంగారు తీగ పెట్టి కొట్టిన పనా అని తప్పకుండా అడగాలి. పూత మైక్రాన్ల మందం, గట్టిగా తుడిస్తే పోతుంది. రెంటి ధరల మధ్య తేడా వేల డాలర్లు ఉండొచ్చు.

ఇక పిస్టల్‌ని చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి. అన్నిటికన్నా ముందు, డీలర్ 'ఖాళీదే' అన్నా సరే, తూటాల మ్యాగజైన్ తీసి, ఆయన అనుమతి అడిగి, స్లైడ్ మెల్లగా వెనక్కి లాగి తూటా కూర్చునే ఛాంబర్‌ని కళ్లారా చూసుకోవాలి. అద్దం పెట్టెలో ఉన్నంత మాత్రాన అది బొమ్మ కాదు. అనుమతి ఎందుకంటే, కాల్చని స్మారక పిస్టల్ స్లైడ్‌ని నలుగురు లాగితే ఆ రాపిడి గుర్తులు పడి విలువ తగ్గుతుంది. స్లైడ్‌ని లాగి ఠపీమని వదిలేస్తే అమ్మేవాడు మొహం చిట్లించడం సహజం.

తర్వాత ఎడమవైపు, ట్రిగ్గర్ పైన ఉన్న స్లైడ్ స్టాప్ దగ్గర చూపు ఆపండి. 1911ని విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఈ చిన్న మీటని స్ప్రింగ్ ఒత్తిడి మీద నెట్టాల్సి ఉంటుంది. అనుభవం లేనివాడు దాన్ని పక్కకి తిప్పుతూ నెడితే ఫ్రేమ్ (పిస్టల్ కింది భాగం) మీద నెలవంకలాంటి గీత పడుతుంది. అమెరికన్లు దీన్ని 'ఇడియట్ స్క్రాచ్' అంటారు. ఆ గీత ఉందంటే ఈ పిస్టల్‌ని ఎవరో ఒక్కసారైనా విప్పారన్నమాట. 'పెట్టెలోంచి తీయనే లేదు' అని చెప్పే అమ్మకందారు ముందు ఆ గీత వేలితో చూపిస్తే బేరం స్వరం మారిపోతుంది. అలాగే బ్యారెల్ పైభాగం, తూటా వెనక ఆనుకునే బ్రీచ్ ముఖం చూడాలి. పేలుడు మసి, ఇత్తడి మరకలు ఉంటే బాగా కాల్చినట్టే. అయితే ఫ్యాక్టరీ నుంచి బయటికి రాకముందే కంపెనీ ప్రతి పిస్టల్‌నీ కొన్ని తూటాలతో పరీక్షిస్తుంది. కాబట్టి 'కాల్చనిది' అంటే ఫ్యాక్టరీ దాటాక కాల్చనిది అని అర్థం చేసుకోవాలి. కొద్దిపాటి గుర్తులు చూసి గొడవ పడక్కర్లేదు.

పెట్టె గురించి ఎంత చెప్పినా తక్కువే. స్మారక ఎడిషన్ ధరలో పెద్ద వాటా పిస్టల్ చుట్టూ ఉన్న వస్తువులది: చెక్కపెట్టె, దాన్ని చుట్టిన అట్ట కవరు, కంపెనీ కాగితాలు, ధ్రువపత్రం, పతకం ఇచ్చి ఉంటే పతకం. ఇవన్నీ ఉండాలి, వాటి మీద సీరియల్ నంబరు పిస్టల్ నంబరుతో సరిపోవాలి. ఒకదాని పెట్టెలో ఇంకొకటి పెట్టి అమ్మడం కొత్తేమీ కాదు. కోల్ట్ పిస్టల్ అయితే కంపెనీ ఆర్కైవ్ విభాగం ఫీజు తీసుకుని, ఆ సీరియల్ నంబరు ఎప్పుడు ఏ ఎడిషన్‌గా బయటికి వెళ్లిందో ఉత్తరం రాసిస్తుంది. ఖరీదైన డీలక్స్ రకం కొంటున్నప్పుడు ఆ ఉత్తరం లేకుండా డబ్బు కట్టొద్దు. చివరగా మఖమల్ గుడ్డని ఎత్తి, దానికి ఆనుకున్న వైపు చూడండి. గుడ్డ, దాని కింది స్పాంజి తేమని పట్టి ఉంచుతాయి. పైవైపు అద్దంలా మెరుస్తూ, కిందివైపు ఆవగింజంత తుప్పు చుక్కలు పడ్డ పిస్టళ్లు కోకొల్లలు.

ధర తెలుసుకోవడానికి అమ్మేవాళ్లు అడిగే రేట్లు చూస్తే లాభం లేదు. గన్‌బ్రోకర్ లాంటి సైట్లలో, రాక్ ఐలాండ్ లాంటి వేలం సంస్థల్లో నిజంగా అమ్ముడైన రేట్లే చూడాలి. వేలంలో పాడిన మొత్తం మీద కొనేవాడి కమిషన్ పదిహేను ఇరవై శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు పైనే పడుతుంది. దానికి సేల్స్ టాక్స్, రవాణా, మీ ఊరి డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు కలపాలి. 1,500కి దొరికిందని సంబరపడ్డ పిస్టల్ ఇంటికొచ్చేసరికి 2,000 అవడం మామూలే.

ఇక చట్టం. అమెరికాలోని మనవాళ్లు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఈ భాగమే.

స్మారక పిస్టల్‌కి చట్టంలో ప్రత్యేక రాయితీ ఏమీ లేదు. గోడకి తగిలించుకోవడానికే అన్నా, ఎప్పటికీ కాల్చనన్నా అది పూర్తి స్థాయి తుపాకీయే. ఫెడరల్ చట్టంలో పురాతన తుపాకీ అంటే 1898 లేదా అంతకు ముందు తయారైనది. 1911 మోడల్ ఏదీ ఆ గీతకి అవతల ఉండదు. కాబట్టి లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర కొంటే ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు పత్రం నింపాలి, నేపథ్య తనిఖీ పాసవ్వాలి. డీలర్ దగ్గర పిస్టల్ కొనడానికి 21 ఏళ్లు నిండాలి. వేరే రాష్ట్రంలో వేలంలో గెలిస్తే పిస్టల్ నేరుగా మీ ఇంటికి రాదు. మీ రాష్ట్రంలోని డీలర్ దగ్గరికి వస్తుంది, మీరు అక్కడికెళ్లి ఫారం నింపి తీసుకోవాలి. ఒక మినహాయింపు ఉంది. యాభై ఏళ్లు దాటిన తుపాకులు 'క్యూరియో అండ్ రెలిక్' కిందికి వస్తాయి, వాటిని సేకరించేవాళ్లకి మూడేళ్లకి 30 డాలర్ల ఫీజుతో ప్రత్యేక లైసెన్సు ఇస్తారు. 1967-70 నాటి కోల్ట్ స్మారక పిస్టళ్లన్నీ ఇప్పుడు ఆ వయసు దాటాయి. రాష్ట్ర చట్టం అడ్డురాకపోతే ఆ లైసెన్సు ఉన్నవాళ్లు నేరుగా తెప్పించుకోవచ్చు. కొన్న ప్రతిదాన్నీ పుస్తకంలో నమోదు చేయాలి.

ఇదంతా పౌరులకి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి. హెచ్‌-1బీ, ఎఫ్‌-1, ఎల్‌-1 లాంటి నాన్‌-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, టెక్సస్‌లోనైనా ఇంకెక్కడైనా ఒకటే. పదేళ్లుగా ట్యాక్స్ కడుతున్నా, ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్ కార్డ్ పిటిషన్) ఆమోదమై గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నా నిషేధం నిషేధమే. కొన్ని మినహాయింపులున్నాయి, ముఖ్యమైనది చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. దాన్ని ఆన్‌లైన్‌లో నిమిషాల్లో తీసుకుని పిస్టల్ కొనేశామని చెప్పేవాళ్లుంటారు. చట్టం అక్షరాల్లో ఆ దారి ఉన్న మాట నిజం. కానీ లైసెన్సు గడువు తీరిన రోజున తుపాకీ ఇంట్లో ఉంటే నేరమవుతుంది, తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే అవకాశం ఉంటుంది. ఒక అలంకార వస్తువు కోసం పిల్లల చదువు, ఇల్లు, ఉద్యోగం అన్నీ పణంగా పెట్టడం నాకు సబబుగా అనిపించదు. అంత మనసుంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి, కుదిరితే గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగాలి. పిస్టల్ ఎక్కడికీ పోదు. పైన చెప్పినట్టు ఈ స్మారక ఎడిషన్లు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటాయి.

'నువ్వు సిటిజన్‌వి కదా, నా డబ్బుతో నీ పేరు మీద కొను' అన్న ఏర్పాటు మరీ ప్రమాదం. ఫారం 4473 నిజమైన కొనుగోలుదారు మీరేనా అని అడుగుతుంది. ఒకాయన తన బంధువు డబ్బుతో, బంధువు కోసం పిస్టల్ కొని, తానే కొనుగోలుదారునని రాశాడు. ఆ బంధువుకి తుపాకీ కొనే అర్హత పూర్తిగా ఉంది. అయినా అది నేరమేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. అర్హత ఉన్నవాళ్లకి సొంత డబ్బుతో కొని బహుమతిగా ఇవ్వడం వేరు, అది తప్పు కాదు. ఇంట్లో భార్య సిటిజన్, భర్త ఇంకా వీసా మీద ఉన్నా జాగ్రత్త పడాలి. సేఫ్ తాళం, కోడ్ ఆమె దగ్గర మాత్రమే ఉండాలి. ఇద్దరికీ తెలిసిన చోట పెడితే అతని దగ్గర ఉన్నట్టే లెక్కగట్టే వీలుంది.

రాష్ట్రాల తేడాలు మళ్లీ వేరు. న్యూజెర్సీలో పిస్టల్ కొనడానికి ముందు పోలీసుల నుంచి పర్మిట్ తీసుకోవాలి. మ్యాగజైన్‌లో పది తూటాల పరిమితి ఉన్నా, 1911లో పట్టేవి ఏడే కాబట్టి ఆ చిక్కు లేదు. కాలిఫోర్నియాలో డీలర్లు కొత్తగా అమ్మే పిస్టళ్లు ప్రభుత్వ జాబితాలో ఉండాలి, కొన్నాక పది రోజులు ఆగాలి. జాబితాలో లేని కొత్త స్మారక ఎడిషన్ అక్కడ డీలర్ దగ్గర దొరకదు, యాభై ఏళ్లు దాటినవాటికి మాత్రం జాబితా నుంచి మినహాయింపు ఉంది. టెక్సస్‌లో ఫెడరల్ నిబంధనలే తప్ప పెద్దగా అదనం లేదు.

ఇండియాకి తేవడం గురించి అడిగేవాళ్లకి నా జవాబు సూటిగా ఒకటే: వద్దు. 1980ల నుంచి వ్యక్తులు తుపాకులు దిగుమతి చేసుకోవడం మీద నిషేధం ఉంది. పేరున్న షూటర్లకి, ఇంకా కొన్ని ప్రత్యేక సందర్భాలకి మాత్రమే గట్టి షరతులతో సడలింపు ఉంటుంది. ఆయుధాల చట్టం కింద లైసెన్సు వేరే కావాలి, 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి. అమెరికా వైపు ఎగుమతి నిబంధనలు కూడా దాటాలి. బ్యాగులో మర్చిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఎందరో.

1911 మీద ప్రేమ ఉండి, నిజంగా సైన్యంలో పనిచేసిన పిస్టలే కావాలనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ 2018 నుంచి సైన్యం గిడ్డంగుల్లో మిగిలిన 1911లని అర్హత ఉన్న పౌరులకి అమ్ముతోంది. మొదట్లో స్థితిని బట్టి 850 నుంచి 1,050 డాలర్ల దాకా ధర పెట్టింది. దరఖాస్తు పంపాలి, మీ వంతు వచ్చేదాకా ఆగాలి, నేపథ్య తనిఖీ రెండుసార్లు జరుగుతుంది. వచ్చే పిస్టల్‌కి ఒక కంపెనీ ఫ్రేము, ఇంకో కంపెనీ స్లైడ్ ఉండొచ్చు, రంగు చోట్లు చోట్లుగా పోయి ఉండొచ్చు. నా వరకు ఈ రెండూ పోటీ పడితే నేను దీని వైపే మొగ్గుతాను. దీన్ని రేంజ్‌కి తీసుకెళ్లి కాల్చొచ్చు, విప్పి తుడవొచ్చు, ఒక గీత పడితే బాధ ఉండదు. స్మారక పిస్టల్‌తో ఆ చనువు కుదరదు. మొదటి పెట్టె తూటాలు కాల్చగానే దాని ధరలోంచి కొన్ని వందల డాలర్లు రాలిపోతాయి. అయితే కొందరు కావాలనే కాల్చిన, పెట్టె పోయిన స్మారక కోల్ట్‌ని చవగ్గా వెతికి పట్టుకుంటారు. రేంజ్‌లో వాడుకోవడానికి అదొక తెలివైన బేరం.

కొన్నాక చూసుకునే తీరు క్లుప్తంగా చెబుతాను. పిస్టల్‌ని దాని చెక్కపెట్టెలో నిల్వ చేయకండి. పెట్టెని విడిగా, పిస్టల్‌ని సేఫ్‌లో సిలికా జెల్ పక్కన ఉంచండి. ముట్టుకునేటప్పుడు నూలు గ్లౌజులు వేసుకోండి. చేతి చెమటలోని ఉప్పు బ్లూయింగ్ మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది. నికెల్ పూత ఉంటే అమోనియా ఉన్న సాల్వెంట్ (శుభ్రం చేసే ద్రావకం) దగ్గరికి రానీయకండి. బంగారు పూతని పొడి మెత్తటి గుడ్డతో అద్దడమే, రుద్దకూడదు. పిల్లలున్న ఇంట్లో అద్దాల పెట్టె సేఫ్ కాదు, దాని చిన్న తాళం పెన్నుతో కూడా ఊడుతుంది.

వారసత్వం గురించి మనవాళ్లు దాదాపు ఆలోచించరు. వీలునామా ద్వారా వచ్చిన తుపాకీని వేరే రాష్ట్రంలో ఉన్న వారసుడు తీసుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఆ వారసుడికి తుపాకీ ఉంచుకునే అర్హత ఉండాలి. పిల్లల్లో ఒకరు వీసా మీద ఉంటే, మరొకరు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉంటే ఇద్దరికీ అది అందదు. తండ్రి పోయిన దుఃఖంలో వీసా మీదున్న కొడుకు దాన్ని తన కారులో పెట్టుకుని వెళ్తే, అక్కడే కేసు మొదలవుతుంది. అందుకే సీరియల్ నంబరు, పెట్టె, కాగితాలు ఎక్కడున్నాయో, ఏ లైసెన్సు డీలర్‌కి అప్పగించాలో ఒక కాగితం మీద రాసి వీలునామాతో కలిపి ఉంచాలి. కుటుంబం ఆ డీలర్‌కి ఫోన్ చేస్తే చాలు, ఆయనే వచ్చి పిస్టల్‌ని స్వాధీనం చేసుకుని, అమ్మి, కమిషన్ పోను మిగిలింది పంపిస్తాడు.